అక్క ఇయ్యనన్న రోజు

నేను రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, ఒక ఆషాఢమాసంలో, తిరుపతిలో నేను పనిచేస్తున్న ఆసుపత్రివాళ్లు నన్ను టీబీ వార్డు నుంచి తీసి కిడ్నీ విభాగంలో మార్పిడి సమన్వయకర్తగా వేశారు. ఆసుపత్రి పేరు చెప్పను, దాంతో పని లేదు. హోదాకి నేను మెడికల్ సోషల్ వర్కర్‌ని. తెల్లకోటు ఉండదు, మెడలో స్టెతస్కోపు ఉండదు. అందుకని రోగుల బంధువులు నన్ను ఓసారి నర్సమ్మా అని, ఓసారి మేడమ్ అని, విసుగొచ్చినప్పుడు ‘ఆ కాగితాలామె’ అని పిలిచేవాళ్లు. నేనేమీ అనుకునేదాన్ని కాదు. అనుకుంటే ఆ ఉద్యోగం రెండు రోజులు కూడా చేయలేం.

ఆ ఉద్యోగం ఏమిటో కాస్త చెప్పాలి. రెండు కిడ్నీలూ చెడిపోయిన మనిషికి డయాలసిస్ మీద కొంతకాలం బండి నడుస్తుంది. తర్వాత ఎవరిదైనా కిడ్నీ కావాలి. చనిపోయినవాళ్ల నుంచి వచ్చే కిడ్నీ కోసం పేరు రాయించుకుని కూర్చుంటే ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. బతికున్నవాళ్లు ఇవ్వాలంటే చట్టం మొదట దగ్గరి బంధువులనే ఒప్పుకుంటుంది. తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాభర్తలు, పిల్లలు, అలాంటివాళ్లు. మిగతావాళ్లు ఎవరొచ్చినా ప్రత్యేక కమిటీ ముందు నిలబడాలి. ఇస్తానని వచ్చిన మనిషి నిజంగా మనసుతోనే ఇస్తున్నాడా, ఇంట్లోవాళ్లు మెడ వంచారా అని తేల్చడం నా పని.

దానికి మాకొక గది ఉండేది. దాతను ఒంటరిగా కూర్చోబెట్టి తలుపు మూస్తాం. ఆపరేషన్ సంగతి వివరించి, ఎవరైనా బలవంతం చేశారా అని అడుగుతాం. వద్దంటే అక్కడితో ఆఖరు. ఎందుకు వద్దని అడగకూడదు, అడిగితే అదే ఒత్తిడి కింద లెక్క. బయట ఇంట్లోవాళ్లకు మాత్రం ‘పరీక్షల్లో సరిపోలేదు’ అని డాక్టరు చెబుతాడు. వద్దన్నందుకు ఆ మనిషి జీవితాంతం మాటలు పడకుండా ఉండటానికి ఈ ఏర్పాటు. మంచి ఏర్పాటే. అత్తవారింట్లో నోరెత్తలేని ఎంతోమంది కోడళ్లను అది కాపాడింది, నా కళ్లతో చూశాను.

ఆ విభాగంలో డాక్టర్ శ్రీకర్ అని ఒకాయన ఉండేవాడు. వయసులో నా తమ్ముడిలాంటివాడు, చేతివాసి ఉన్నవాడు, రోగి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని మాట్లాడే మంచి మనిషి. ఒక్కటే పిచ్చి, పరిణామ సిద్ధాంతం. మనిషి ఏ పని చేసినా దానికి లక్షల ఏళ్ల కిందటి అడవిలో ఒక కారణం వెతికేవాడు. క్యాంటీన్‌లో రెండో మైసూర్‌పాక్ ఎందుకు తీసుకున్నారు సార్ అంటే దానికీ ఆదిమానవుణ్ణే సాక్ష్యానికి పిలిచేవాడు. నేను డిగ్రీలో చదివింది జంతుశాస్త్రం కాబట్టి ఆయనకు నేనంటే గురి. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ కబుర్లు ఇష్టంగానే ఉండేవి.

దొరస్వామి మా దగ్గరికి వచ్చింది ఆ రోజుల్లోనే. సత్యవేడు దగ్గర పల్లె. కొంచెం వరి, కొంచెం వేరుశనగ, సొంత ట్రాక్టరు. నలభై దాటని మనిషి. బీపీ ఉందని తెలియక, తెలిశాక పట్టించుకోక, కాళ్ల వాపుతో మా దగ్గరికి వచ్చేసరికి రెండు కిడ్నీలూ పోయాయి. వెంట భార్య రేవతి, ఇద్దరు చిన్నపిల్లలు. రేవతి మొదటి రోజే నా బల్ల మీద రెండు చేతులూ ఆనించి, “నాది తీసుకోండి మేడం, ఈరోజే తీసుకోండి” అంది. పరీక్ష చేస్తే రక్తం గ్రూపు కలవలేదు. ఆ పిల్ల నడవాలో గోడకానుకుని ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది.

అమ్మానాన్నలు పోయారు, అన్నదమ్ములు లేరు. మిగిలింది ఒక్క అక్క, మునెమ్మ. తల్లి చిన్నప్పుడే పోతే దొరస్వామిని చంకనేసుకుని పెంచింది ఆమే. తర్వాత తన కూతురు రేవతిని అతనికే ఇచ్చి చేసింది. మన వైపు మేనమామకు పిల్లనివ్వడం వింతేమీ కాదు కదా. అంటే ఆమె అతనికి అక్క, అత్త కూడా. చట్టం దృష్టిలో అక్కే కాబట్టి కమిటీ గొడవ లేదు. వట్టి అత్తగా వచ్చి ఉంటే మాత్రం నేను ఆమెను కమిటీ చుట్టూ తిప్పాల్సి వచ్చేది.

ఈ సంబంధం వినేసరికి శ్రీకర్ గారికి పండగైపోయింది. మీటింగు గదిలో బోర్డు మీద వంశవృక్షం గీశాడు. తమ్ముడు అంటే ఆమెలో సగం. కూతురు అంటే సగం. ఆ ఇద్దరి పిల్లలకు ఆమె రక్తం రెండు దారుల్లో వెళ్లింది. “చూడండి మేడమ్, గీతలన్నీ ఆమె దగ్గరికే వస్తున్నాయి. ఈ ఒక్క మనిషి బతికితే ఆమె కూతురి కాపురం, మనవళ్ల తిండి, తోడబుట్టినవాడు, అన్నీ నిలుస్తాయి. ఆమె ఇవ్వకపోతే పుస్తకాలన్నీ తిరగరాయాలి” అన్నాడు. మేమంతా నవ్వాం. ఇంకెవరినైనా కనుక్కుందామా అని కూడా ఎవరూ అనలేదు.

మునెమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, ఎండకు మాడిన ఒళ్లు, నూనె పెట్టి బిగించిన ముడి. పరీక్షలకు ఎన్నిసార్లు రమ్మంటే అన్నిసార్లు పరగడుపున బస్సెక్కి వచ్చింది. సూది అంటే భయపడలేదు, స్కానింగు అంటే బెదరలేదు. గ్రూపు కలిసింది. మిగతా పరీక్షలూ కలిశాయి. ఆ వయసుకు కిడ్నీలు ఇంత చక్కగా ఉండటం అదృష్టమని స్కానింగు డాక్టరు కూడా అన్నాడు. నాకొక్కటే కాస్త వింతగా తోచేది. వచ్చినప్పుడల్లా తమ్ముడు పడుకున్న వార్డు గుమ్మం దాకా వెళ్లి, లోపలికి మాత్రం అడుగు పెట్టేది కాదు. “ఏం లోపలికి పోవా?” అంటే, “రమ్మంటే పోతాను” అనేది. ఇన్‌ఫెక్షన్ భయంతో మేం జనాన్ని రానివ్వం కాబట్టి, ఆస్పత్రివాళ్లం మేం రమ్మనాలని అంటోంది అనుకున్నాను.

ఆఖరి మెట్టు నా గది. తలుపు మూసి అన్నీ వివరించాను. శ్రద్ధగా వింది. ఎవరైనా బలవంతం చేశారా అన్నాను.

“నన్నెవురు బలవంతం జేస్తారు మ్మా? అట్లాటిదేం లేదు” అంది, ఒక రకం నవ్వుతో.

అయితే మీకు ఇష్టమేనా అన్నాను.

ఆమె కొంగు సర్దుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని, “నేనియ్యను. రాసుకోండి” అంది.

ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు. మొహంలో కనబడనీయకూడదు, మా శిక్షణ అదే. సరే అన్నాను. ఆమె లేవలేదు. నావైపే చూస్తూ, “మా తమ్మునికి సెప్తారు గదా, అక్క ఇయ్యనన్నదని?” అంది.

పాపం, భయపడుతోందనుకున్నాను. అలా అడిగినవాళ్లందరూ భయంతో అడిగినవాళ్లే. “ఆ సంగతంతా మేం చూసుకుంటాంలే అక్కా. నువ్వు నిశ్చింతగా ఇంటికి పో” అన్నాను. ఆమె ఇంకాసేపు కూర్చుంది. ఇంకేదో వస్తుందని ఎదురుచూస్తున్నట్టు తలుపు వైపు చూసింది. తర్వాత సంచీ తీసుకుని వెళ్లిపోయింది.

మన వైపు ఇంటికొచ్చిన మనిషి కాఫీ తాగుతావా అంటే మొదట వద్దనే అంటుంది. అయ్యో, ఒక్క గుక్క అని ఇంకోసారి అనకపోతే ఆ ఇంటి మర్యాద సంగతి పది ఇళ్లలో చెబుతుంది. నేను పుట్టి పెరిగిన మర్యాదే అది. ఆ గదిలో మాత్రం దానికి చోటు లేదు. అక్కడ ఒకసారి వద్దంటే వద్దనే.

శ్రీకర్ గారికి చెప్పాను. కాసేపు డీలా పడ్డాడు. తర్వాత, ఆశ్చర్యం ఏమిటంటే, సాయంత్రానికల్లా దీనికీ వివరణ దొరికింది. ఆడది ముసలితనంలో మనవళ్లను సాకడానికే ప్రకృతి ఆమెను నిలబెట్టిందట. తమ్ముడు పోయినా మనవళ్లకు అమ్మమ్మ గట్టిగా ఉండాలి కాబట్టి, ఆమె ఒళ్లు తనకు తెలియకుండానే లెక్క వేసుకుందట. “ఇది ఆమె ఆలోచన కాదు మేడమ్, అంతకంటే పాతది. ఇందులో మనం చేయగలిగిందేమీ లేదు” అన్నాడు. మొదట ఇస్తుందనడానికి వాడిన గీతలే అవి. ఇప్పుడు ఇవ్వదనడానికీ సరిపోయాయి. అప్పుడే నాకు ఎక్కడో కలుక్కుమంది కానీ, అది మాటగా బయటికి రాలేదు. ప్రకృతే చెప్పిందంటే ఇక ఎవరం ఏం అడుగుతాం? అందరం ఆ మాటతో ఊరుకున్నాం.

పద్ధతి ప్రకారం ఆయనే దొరస్వామికీ రేవతికీ చెప్పాడు, అక్క పరీక్షలు సరిపోలేదని. చనిపోయినవాళ్ల కిడ్నీ కోసం పేరు రాయించాం. డయాలసిస్ నడిచింది. వారానికి రెండుసార్లు సత్యవేడు నుంచి రావడం, నాలుగు గంటలు మిషను పక్కన పడుకోవడం, మళ్లీ బస్సు.

డయాలసిస్ మంచం పక్కన కూర్చుంటే మనుషులు చాలా మాట్లాడతారు. దొరస్వామి వర్షం గురించి, ట్రాక్టరు గురించి, అక్క గురించి మాట్లాడేవాడు. “మా అక్క శానా బాధపడతా ఉంటాది మేడం. అన్నిసార్లు వచ్చి సూదులు పొడిపించుకునె, ఆఖరికి కుదర్లేదంటిరి. కుదిరింటే అడక్కుండానే ఇచ్చేసేది, మా అక్క అట్లాంటిది” అనేవాడు. ఇంకో రోజు, “ఇంట్లో కూడా సెప్పినాను, అక్క ముందర కిడ్నీ అనే మాటే ఎత్తొద్దండి, పాపం కుమిలిపోతాదని” అన్నాడు. నేను తలూపాను. నిజం చెప్పడానికి నాకు హక్కు లేదు. ఆ అబద్ధం అక్క పరువు కాపాడుతోందని, తమ్ముడి మనసు కూడా కాపాడుతోందని లోపల్లోపల కాస్త సంతోషించాను కూడా.

ఆ ఏడాది గడవలేదు. చలికాలంలో ఊపిరితిత్తుల్లో నీరు చేరి, దాని మీద ఇన్‌ఫెక్షన్ వచ్చి దొరస్వామి పోయాడు. జాబితాలో అతని వంతు రానే లేదు.

కొన్నాళ్లకు మునెమ్మ నా గదికి వచ్చింది. రేవతి కింద కౌంటరు దగ్గర కాగితాల కోసం నిలబడి ఉంది, ఈమె ఒక్కతే మెట్లెక్కి వచ్చింది. మనిషి సగమైపోయింది. కూర్చోమంటే కూర్చుంది. మంచినీళ్లిస్తే తాగలేదు.

“ఒగ మాట అడగాల మ్మా. ఆపొద్దు నేను ఇయ్యనన్నానే, ఆ మాట వాడికి సెప్పినారా?”

మనిషి పోయాక దాచడానికేముంది? లేదక్కా, నీ పరీక్షలు కలవలేదని చెప్పాం, నీకు మాట రాకూడదని మా రూలు అన్నాను.

ఆమె నోరు తెరిచి నన్నే చూసింది. “సెప్పలేదా?” అంది. మళ్లీ, “సెప్పనే లేదా?” అంది. తర్వాత నెమ్మదిగా, “అందుకేనా వాడు రాలేదు” అంది.

అప్పుడు చెప్పింది, ఎవరూ ఆమెను అడగని సంగతి. మా దగ్గరికి రావడానికి రెండేళ్ల ముందు దొరస్వామి కొత్త ఇల్లు కట్టాడు. గృహప్రవేశంలో పాలు పొంగించేది ఆ ఇంటి ఆడపడుచు. పొయ్యి మీద గిన్నె పెట్టి, పొంగిన పాలు చూపించి, పుట్టింటి చీర కట్టుకుని వెళ్లడం ఆమె హక్కు. దొరస్వామికి తోడబుట్టింది మునెమ్మ ఒక్కతే. కానీ ఆరోజు ఆమె పిల్లనిచ్చిన అత్తగారు కూడా. పురోహితుడు అత్తవారు పెట్టే బట్టలేవి అంటే ఆమెను అత్తవారి వరసలో కూర్చోబెట్టారు. పాలు పొంగించడానికి చిన్నాన్న కూతుర్ని పిలిచారు. చీర ఆ పిల్లకే పెట్టారు. ఎవరూ కావాలని చేసింది కాదు. అక్క ఇంట్లో మనిషే కదా, ఆమెకు వేరే పిలుపులేమిటి అనుకున్నారు.

“నా బిడ్డనిచ్చినాను, నా పుట్టిల్లు పోయింది” అంది మునెమ్మ. “వాన్ని సంకనేసుకోని సాకింది నేను. నా సేతుల్తో పాలు పొంగించాల్సిన ఇల్లది. నాకు సీర గావాల్నా మ్మా? యాడ దొరకని సీర అది? అక్కా రా అని ఒగ మాట. మళ్ల జబ్బు జేసె. రేవతి వచ్చి అడిగె, మీరు అడిగితిరి, సూదులేసేటోళ్లు అడిగిరి. వాడు ఒగ్గసారి, అక్కా నాకు కావాల అని నోరు తెరిచి అడగలేదు. ఇయ్యనంటేనన్నా కోపమొచ్చి నా గడపెక్కి తిడతాడనుకున్నాను. తిట్టింటే, ఏడ్సుకుంటా వచ్చి ఇచ్చేసుందునే. ఆపొద్దునించి వాకిట్లో సూసుకుంటా కూసున్నాను. రాలే. నా ముందర ఆ మాటే ఎత్తడం మానేసిరి అందరూ. ఓహో, అంత పంతమా వీనికి అనుకున్నాను.”

అది అలుక. తనను నోరారా అడగాలన్న పెద్దరికంతో, బతిమాలించుకోవాలన్న ఆశతో చేసిన మామూలు ఇంటి అలుక. దాన్ని మేం చట్టప్రకారం నిరాకరణగా రాసుకుని, తలుపు మూసి, బయట అబద్ధం చెప్పి, అలుక తీర్చాల్సిన మనిషికి అది చేరకుండా పకడ్బందీగా కాపాడాం. ఆరోజు నేను ఆమె తాగని మంచినీళ్ల గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాను. అంత బాధ ఆ ఉద్యోగంలో నాకు ఇంకెప్పుడూ కలగలేదు.

వాడేమైనా అన్నాడా నా గురించి అని అడిగింది. చెప్పనా వద్దా అని తటపటాయించాను. చెప్పాను. కుదిరుంటే మా అక్క అడక్కుండానే ఇచ్చేసేది అనేవాడని చెప్పాను. నువ్వు బాధపడతావని నీ ముందు ఆ మాట ఎత్తొద్దన్నాడని కూడా చెప్పాను.

మునెమ్మ నీళ్ల గ్లాసు పక్కకు జరిపింది. కళ్లు తుడుచుకోలేదు.

“అడక్కుండానే అన్నాడా” అంది చివరికి. లేచి, చెయ్యి గోడకు ఆనించుకుంటూ మెట్లు దిగి వెళ్లింది. మళ్లీ నేను ఆమెను చూడలేదు.

శ్రీకర్ గారికి మొత్తం చెప్పాను. ఆయన, “అలకకు కూడా ఒక వివరణ ఉంది మేడమ్” అని మొదలుపెట్టాడు. చెప్పండి సార్ అన్నాను. నా గొంతు కాస్త కటువుగానే వచ్చి ఉంటుంది. ఆయన నావైపు చూసి, “వద్దులెండి” అన్నాడు. తర్వాత కూడా ఆయన పరిణామం గురించి మాట్లాడటం మానలేదు, మానాల్సిన అవసరమూ లేదు. రోగుల కుటుంబాల గురించి మాత్రం మాట్లాడలేదు.

పరిణామం అబద్ధమని నేననను. రక్తసంబంధం అంటే మనిషి ఎందుకు కొట్టుకుంటాడో, ఒక అక్క తల్లిలేని తమ్ముణ్ణి ఎందుకు చంకనేసుకుంటుందో అది చెప్పగలదేమో. కానీ ఒకానొక మంగళవారం మునెమ్మ అనే మనిషి నా ఎదుట కూర్చుని ఇయ్యనని ఎందుకన్నదో అది చెప్పలేదు. అది ఆమెకే తెలుసు, అడిగితే చెప్పేది. గదిలో రూలు అడగనివ్వలేదు సరే, బయట మాత్రం ఇస్తే ఒక కారణం, ఇవ్వకపోతే ఇంకో కారణం చూపించే సిద్ధాంతం మా నోళ్లు మూయించింది. కారణం తెలిసిపోయిందనుకున్నాక ఎవరం అడుగుతాం?

మా పెద్ద డాక్టరు గారితో మాట్లాడి, పద్ధతిలో ఒక చిన్న మార్పు చేయించాను. వద్దన్న దాతను కొన్నాళ్ల తర్వాత ఇంకోసారి పిలిచేవాళ్లం. ఇవ్వమని అడగడానికి కాదు. తలుపు మూసి ఒక్క ప్రశ్నే వేసేదాన్ని, మీరు వద్దన్న సంగతి ఎవరికైనా తెలియాలని ఉందా అని. ఎక్కువమంది అయ్యో వద్దమ్మా అని చేతులు జోడించారు. వాళ్ల మాట వాళ్లతోనే ఉంచాం. రిటైరయ్యేదాకా ఏ కొద్దిమందో తల దించుకుని ఒక పేరు చెప్పారు. ప్రతిసారీ ఆ పేరుగల మనిషి అప్పటికింకా బతికే ఉన్నాడు కాబట్టి, పిలిపించాను.